ఎనిమిది మంది, పదహారు గంటలు: హ్యాండ్‌బెల్స్ మీద పాత క్రిస్మస్ క్యారల్స్ ఎలా మోగించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ చర్చి అల్మారాలో మూడు ఆక్టేవుల (స్థాయిల) హ్యాండ్‌బెల్స్ సెట్ (చేత్తో పట్టుకుని ఊపే, ఒక్కోటి ఒక్కో స్వరం పలికే కంచు గంటలు) ఏళ్లుగా మూలపడి ఉంది. ఎనిమిది మంది పోగయ్యారు, వాళ్లలో ఇద్దరికి స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) రాదు. డిసెంబర్‌లో "జింగిల్ బెల్స్" లాంటివి కాకుండా పాత భక్తి క్యారల్సే మోగించాలని ఉంది. మొదటి రిహార్సల్‌లో ట్యూన్ గుర్తుపట్టేలా వచ్చింది కానీ అంతా గోలగా వినిపించింది. ఎందుకలా, ఏ పాటలు తీసుకోవాలి, మూడు నెలల్లో అవుతుందా అని అడిగారు.

అవుతుంది. కాకపోతే రెండు పాటలే పెట్టుకోండి, ధైర్యం మిగిలితే మూడోది. మొదటిది "ఓ కమ్, ఓ కమ్, ఇమ్మానుయేల్", రెండోది "సైలెంట్ నైట్". సెట్ మొత్తం బయటికి తీయొద్దు. మూడు ఆక్టేవుల్లో 37 గంటలుంటాయి, మీకు కావలసినవి 16. ఇక గోల ఎందుకంటే, మీరు గంట మోగించడం నేర్చుకున్నారు, ఆపడం ఇంకా నేర్చుకోలేదు. హ్యాండ్‌బెల్స్‌లో సగం పని ఆపడమే.

నా గురించి రెండు ముక్కలు. గుంటూరు లూథరన్ చర్చిలో పెరిగాను, ఇప్పుడు ఉండేది పెన్సిల్వేనియాలో. ఇక్కడి చర్చిలో పద్నాలుగేళ్లుగా గంటలు మోగిస్తున్నాను, ఈ మధ్య ఆరేళ్లుగా గ్రూపును నడిపిస్తున్నది కూడా నేనే. 1842లో గుంటూరు వచ్చిన హేయర్ దొర పెన్సిల్వేనియా లూథరన్లు పంపిన మిషనరీ. ఆయన వచ్చిన దారినే నేను ఎదురు వెళ్లానని మా అమ్మ నవ్వేది. గుంటూరులో గంట అంటే నాకు తెలిసింది తాడు పట్టి లాగే గోపురం గంట ఒక్కటే. ఇక్కడికొచ్చాక తెల్ల గ్లౌజులు వేసుకున్న పన్నెండు మంది బల్ల ముందు వరుసగా నిలబడి ఒకే పాట మోగిస్తుంటే మొదట వింతగా అనిపించింది, తర్వాత వదల్లేకపోయాను.

ముందు గోల సంగతి చూద్దాం.

పియానో మీద వేలు తీస్తే లోపల డ్యాంపర్ పడి శబ్దం ఆగిపోతుంది. హ్యాండ్‌బెల్‌కు ఆ డ్యాంపర్ మీ భుజమే. స్వరం ఒక బీట్ అయితే, ఆ బీట్ నిండగానే గంట అంచును భుజం కింద మెత్తటి చోట ఆనించి ఆపాలి. కొత్తవాళ్ల మనసంతా తర్వాతి స్వరం ఎప్పుడొస్తుందా అనే టెన్షన్‌లో ఉంటుంది. చేతిలోది ఇంకా మోగుతూనే ఉందని వాళ్లకు గుర్తుండదు. అలా ఎనిమిది మంది గంటలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతే పాట ఆ హోరులో మునిగిపోతుంది.

దీనికి తోడు పెద్ద గంటలు చాలాసేపు మోగుతాయి, చిన్నవి త్వరగా చల్లారిపోతాయి. అందరూ ఒకే బలంతో కొడితే కింది గంటలు పై వాటిని మింగేస్తాయి. మెలొడీ ఉండేదేమో పైన. అందుకని పెద్ద గంటలు పట్టుకున్నవాళ్లు అందరికన్నా మెల్లగా కొట్టాలి, అందరికన్నా కచ్చితంగా ఆపాలి. పెద్ద గంటలు బలమైనవాళ్లకు ఇస్తుంటారు. నేను ఓపిక ఉన్నవాళ్లకు ఇస్తాను.

ఆపడం అలవాటు కావడానికి మా గ్రూపులో ఒక పద్ధతి ఉంది. గంట మోగించేటప్పుడు నోరు మూసుకోవచ్చు, ఆపేటప్పుడు మాత్రం పైకి "ఆపు" అనాలి. మా దగ్గర ఒక్క తెలుగు ముక్క రాని అమెరికన్ పెద్దాయన ఉన్నారు, ఆయనా "ఆపు" అంటారు. రెండు రిహార్సల్స్ ఇలా చేశాక నోరు మూయించండి. చేతులకు అప్పటికి అలవాటైపోతుంది.

ఇంకో విషయం, కొత్తవాళ్లందరూ ఆలస్యంగా మోగిస్తారు. బడి గంటలోనో పూజ గంటలోనో ఉన్నట్టు దీని నాలుక ఇష్టమొచ్చినట్టు ఊగదు. ఒకే గీతలో ముందుకు వెనక్కి కదులుతుంది, కొట్టాక స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగి నిలబెడుతుంది. చేయి కదిలిన తర్వాత, క్షణంలో కొంత వంతు గడిచాక గానీ నాలుక తగలదు. కాబట్టి చేయి బీట్‌కు ముందే బయలుదేరాలి. ముందు నిలబడి తాళం చూపించే కండక్టర్ చేయి కిందికి దిగడం చూసి కదిలితే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఏ పాటలు, ఎందుకు?

మంచి హ్యాండ్‌బెల్‌లో స్వరంతో పాటు మరో స్వరం సన్నగా వినిపిస్తుంది. స కొడితే పై స్థాయి ప పలుకుతుందన్నమాట. ఇంగ్లీష్ పద్ధతి గంటలను కావాలని అలా శ్రుతి చేస్తారు. దీనివల్ల స, ప కలిపి మోగిస్తే చాలా శుభ్రంగా ఉంటుంది. అదే కింది గంటల్లో స, గ దగ్గరదగ్గరగా మోగిస్తే బురద తొక్కినట్టుంటుంది. పాటల పుస్తకంలో నాలుగు గొంతులకు రాసిన హార్మనీని యథాతథంగా గంటల మీదికి ఎక్కిస్తే బాగుండకపోవడానికి కారణం ఇదే. మొదటి ఏడాది నేనూ అదే తప్పు చేశాను.

పాత క్యారల్స్ గంటలకు బాగా ఒదిగేది కూడా ఇందుకే. వాటిలో చాలా ట్యూన్లు ఒక్క గొంతు పాడుకోవడానికి పుట్టినవి, కింద హార్మనీ లేకపోయినా నిలబడతాయి. ఒక స, ఒక ప ఆధారంగా పెట్టి పైన ట్యూన్ నడిపిస్తే చాలు. మన తంబురా పద్ధతే అనుకోండి.

"ఓ కమ్, ఓ కమ్, ఇమ్మానుయేల్" అసలు మాటలు లాటిన్‌వి. క్రిస్మస్‌కు ముందు డిసెంబర్ 17 నుంచి 23 దాకా సాయంత్రం ప్రార్థనల్లో రోజుకొకటి చొప్పున పాడే ఏడు చిన్న ప్రార్థనల మీద ఆధారపడింది. జాన్ మేసన్ నీల్ ఇంగ్లీష్‌లోకి తెచ్చారు. థామస్ హెల్మోర్ 1851లో ఈ ట్యూన్‌తో అచ్చు వేయించారు. ట్యూన్ ఎక్కడిదో చాలాకాలం తేలలేదు. 1966లో మేరీ బెర్రీ అనే సన్యాసిని, సంగీత పండితురాలు, ఫ్రాన్స్‌కు చెందిన 15వ శతాబ్దపు రాతప్రతిలో దీన్ని గుర్తించారు. అక్కడ ఇది అంత్యక్రియల ఊరేగింపులో పాడుకునేది. ఈ సంగతి మీ వాళ్లకు ముందే చెప్పండి, ఎవరూ హుషారుగా వాయించే ప్రయత్నం చేయరు.

ఇది కచ్చితంగా చెప్పాలంటే క్రిస్మస్ పాట కాదు, అడ్వెంట్ పాట, అంటే ఎదురుచూపు పాట. కాబట్టి డిసెంబర్ మొదటి ఆదివారాల్లో మోగించుకుంటే సరిపోతుంది, 24 రాత్రి దాకా ఆగక్కర్లేదు. మీకు అదొక సదుపాయం: పెద్ద రోజుకు ముందే ఒకసారి జనం ముందు నిలబడి భయం తీర్చుకోవచ్చు.

ఇప్పుడు గంటల పంపకం. గంట మీద చెక్కిన పేర్లే వాడుతున్నాను: అక్షరం స్వరం పేరు, అంకె ఏ ఆక్టేవో చెబుతుంది. ఒక్క జాగ్రత్త: గంట మీద సి5 అని ఉన్నది కాగితం మీద మధ్య సి దగ్గర రాస్తారు, వినిపించేది దానికి ఒక ఆక్టేవు పైన. కీబోర్డు వాయించేవాళ్లు ఇక్కడ తికమక పడతారు.

జి4 నుంచి జి6 దాకా మామూలు గంటలు 15. ఎఫ్ గంటలు రెండింటినీ పెట్టెలో పెట్టేసి వాటి చోట వాటికన్నా అర మెట్టు పైన పలికే ఎఫ్ షార్ప్‌లు తీసుకోండి. మొదటి మనిషికి జి4, ఏ4. రెండో మనిషికి బి4, సి5. అలా జంటలు జంటలుగా ఇచ్చుకుంటూ పోతే ఎనిమిదో మనిషికి జి6 ఒక్కటే మిగులుతుంది. ఆ మనిషి రెండో చేతికి ఈ4 ఇవ్వండి. ఎనిమిది మంది, పదహారు చేతులు, పదహారు గంటలు. "ఇమ్మానుయేల్"‌ను ఈ (E) మైనర్‌లో, "సైలెంట్ నైట్"‌ను జి మేజర్‌లో పెట్టుకుంటే రెండింటికీ ఇవే సరిపోతాయి. పాట మధ్యలో గంట కింద పెట్టి ఇంకోటి తీసుకునే పని ఎవరికీ ఉండదు. కొత్త గ్రూపు చేసే తప్పుల్లో సగం ఆ మార్పిడి దగ్గరే జరుగుతాయి.

"ఇమ్మానుయేల్"‌లో ఈ4, బి4 రెండూ ఆధార స్వరాలు. వాటిని కొట్టి ఆపకుండా వదిలేయాలి, ప్రతి పాదం మొదట్లో మళ్లీ ఒకసారి. నొటేషన్‌లో ఇలా వదిలేయమని చెప్పడానికి ఎల్‌వీ అని రాస్తారు. ట్యూన్ మాత్రం డి5 నుంచి డి6 లోపలే తిరుగుతుంది, అది మోగించేవాళ్లు ఒక్కో స్వరం ఆపుతూ పోవాలి. నొటేషన్ రాని ఇద్దరిలో ఒకరికి ఈ4 ఇవ్వండి. పని తేలికే గానీ పాట అంతా దాని మీదే నిలుస్తుంది కాబట్టి చిన్నబుచ్చుకోరు. రెండో మనిషికి కాగితం మీద వాళ్ల స్వరాలకు రంగు వేసివ్వండి, ఎడమ చేతికి నీలం, కుడి చేతికి ఎరుపు. మా గ్రూపులో నాలుగేళ్లుగా మోగిస్తున్న ఒకామెకు ఇప్పటికీ స్వరాల పేర్లు రావు, లెక్క మాత్రం ఒక్క బీట్ తప్పదు.

ఈ పాటకు తాళం గట్టిగా పట్టుకోకండి. పుట్టుకతో ఇది వచనంలా సాగే పాట. మాట ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడ గంటలూ ఊపిరి తీసుకోవాలి. చిక్కేమిటంటే, ఇక్కడ ఒక వాక్యాన్ని ఎనిమిది మంది పంచుకుని తలా ఒక అక్షరం పలుకుతున్నారు. వాక్యం ఎటు పోతుందో ఎనిమిది మందికీ తెలియకపోతే అది అక్షరాల వరుసగానే మిగిలిపోతుంది. అందుకే మొదటి రెండు రిహార్సల్స్ గంటలు ముట్టుకోనివ్వను, పాడిస్తాను. గొంతు బాగున్నా లేకపోయినా అందరూ పాడాలి, మాటలతో సహా. తర్వాత మోగించేటప్పుడు మనసులో పాడుకోవాలి. మాటలు రాకుండా మోగించిన పాటకూ, మాటలు వచ్చి మోగించిన పాటకూ తేడా వెనక బెంచీలో కూర్చున్నవాళ్లకు కూడా తెలుస్తుంది. ఎలా తెలుస్తుందో నేను వివరించలేను గానీ ఏటా చూస్తున్నాను.

"సైలెంట్ నైట్" గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1818లో ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్‌లో యోసెఫ్ మోర్ మాటలకు ఫ్రాంజ్ గ్రూబర్ ట్యూన్ కట్టారు. మొదటిసారి పాడింది గిటారు తోడుతోనే. రెండో చరణంలో ఆ గిటారును గుర్తు చేయొచ్చు: గంటను బల్ల మీద ఫోమ్‌పై పడుకోబెట్టి, వేళ్లతో నాలుకను కిందికి విసిరితే "టుప్" అని పొట్టిగా పలుకుతుంది. దీన్ని ప్లక్ అంటారు. కింది స్వరాలకు ప్లక్, ట్యూన్‌కు మామూలు మోత. మూడో చరణంలో సంఘాన్ని పాడమనండి. జి మేజర్‌లో అందరికీ హాయిగా అందుతుంది, గంటలు వాళ్ల గొంతులకు ఒక ఆక్టేవు పైన తేలుతూ ఉంటాయి.

పొడవైన స్వరాలు చల్లారిపోతున్నాయని గంటను గబగబా ఊపే పద్ధతి ఒకటుంది, షేక్ అంటారు. దయచేసి ఈ పాటల్లో వద్దు. నాకైతే పాత డయల్ ఫోన్ మోగినట్టే వినిపిస్తుంది.

మూడో పాట అన్నాను కదా, "కోవెంట్రీ క్యారల్". ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ పట్నంలో దర్జీలు, ఉన్ని కత్తిరించేవాళ్ల సంఘాలు వేసే బైబిల్ నాటకంలోది. ట్యూన్ రాతలో దొరికేది 1591 నాటిది. హేరోదు చిన్నపిల్లలను చంపించబోతున్నాడని తెలిసి బేత్లెహేము తల్లులు పాడే జోలపాట అది. క్రిస్మస్ పాటల్లో ఇంత బరువైనది ఇంకోటి లేదని నా అభిప్రాయం. పాటంతా విచారంగా పలికే మైనర్‌లో నడిచి చివరి కార్డ్ (కలిసి మోగే స్వరాలు) ఒక్కటే వెలుగైన మేజర్‌లోకి తెరుచుకుంటుంది. మేం ఏ (A) మైనర్‌లో మోగిస్తాం. కాబట్టి ఆఖరి క్షణంలో ఒకే ఒక్క మనిషి సి గంట కింద పెట్టి సి షార్ప్ అందుకోవాలి.

మూడేళ్ల కిందట ఆ మనిషిని నేనే. ఇరవైసార్లు రిహార్సల్‌లో సరిగ్గా చేశాను. ఆ సాయంత్రం ముందు వరుసలో ఒక పసివాడు ఏడ్చాడు, కళ్లు అటు పోయాయి, చేతిలో సి అలాగే ఉండిపోయింది. పాట మైనర్‌లోనే ముగిసింది. తప్పు మాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. బయటికి వెళ్తూ ఒక ముసలమ్మ నా చేయి పట్టుకుని, "ఈసారి ఆ పిల్లలను కాపాడలేదేం?" అంది. అప్పట్నుంచి ఆ సి షార్ప్‌ను ఇంకే పనీ లేని మనిషికి ఇస్తున్నాను. మొత్తం పాటలో ఒక్కసారే మోగిస్తుంది ఆమె.

వచ్చే ఏడాదికి "ఆఫ్ ద ఫాదర్స్ లవ్ బిగాటెన్" చూడండి. మాటలకు మూలం నాలుగో శతాబ్దంలో పుట్టిన ప్రూడెన్షియస్ కవి, ట్యూన్ 1582లో అచ్చయిన "పియే కాంషియోనెస్" సంకలనంలోది. "లో, హౌ ఎ రోజ్" కూడా బాగుంటుంది గానీ దాని అందమంతా ప్రిటోరియస్ 1609లో కట్టిన నాలుగు గొంతుల హార్మనీలో ఉంది, గంటల కోసం దాన్ని చాలా పలచన చేసుకోవాలి.

అడిగినా ఒప్పుకోకూడనిది: హ్యాండ్‌బెల్స్ అనగానే ఎవరో ఒకరు "క్యారల్ ఆఫ్ ద బెల్స్" మోగించమంటారు. మూలంలో అది క్రిస్మస్ పాటే కాదు, ఉక్రెయిన్ కొత్త సంవత్సరం పాట. స్వాలో అనే పిట్ట ఇంట్లోకి ఎగిరొచ్చి ఈ ఏడు మీకు బాగా కలిసొస్తుందని చెప్పే పాట. మైకోలా లియొంతొవిచ్ కట్టిన ఆ కోరస్‌ను 1916లో కీవ్‌లో మొదట పాడారు, గంటల గురించిన ఇంగ్లీష్ మాటలు 1936లో పీటర్ విల్హౌస్కీ చేర్చారు. పాట గొప్పదే. కానీ మీరు అడిగిన పాత భక్తి పాటల్లో చేరదు, పైగా ఆ వేగం మొదటి ఏడాది గ్రూపుకు ఉరితాడు. "డింగ్ డాంగ్ మెరిలీ" ట్యూన్ కూడా 16వ శతాబ్దపు ఫ్రెంచ్ డ్యాన్స్‌దే.

అసలు ఈ గంటలే భక్తి పాటల కోసం పుట్టినవి కావు. ఇంగ్లండ్‌లో గోపురం గంటలు మోగించేవాళ్లు చలికి వణక్కుండా, ఊరి నిద్ర చెడగొట్టకుండా లోపల కూర్చుని సాధన చేసుకోవడానికి వాడుకున్నారు. అమెరికాకు వీటిని 1840లలో పరిచయం చేసింది సర్కస్ పేరుతో తెలిసిన బార్నమ్. లాంకషైర్ నుంచి వాద్యకారులను తెచ్చి, స్విట్జర్లాండ్ వేషాలు వేసి, "స్విస్ బెల్ రింగర్స్" అని ఊరూరా తిప్పాడు. 1902లో లండన్ నుంచి గంటలతో తిరిగొచ్చిన మార్గరెట్ షర్‌క్లిఫ్ వల్ల బోస్టన్‌లో క్రిస్మస్ ముందు రాత్రి వీధుల్లో వీటితో క్యారల్స్ మోగించడం పేరుకెక్కింది. చర్చిల్లోకి విస్తారంగా వచ్చింది ఆ తర్వాతే.

కాపీరైట్ మాట ఒకటి. ఈ ట్యూన్లు ఎవరి సొత్తూ కావు, మీ గ్రూపుకు తగ్గట్టు మీరే రాసుకోవచ్చు, నేను చెప్పిన పదహారు గంటల పద్ధతి అదే. కానీ అచ్చయిన అరేంజ్‌మెంట్ కొంటే అది రాసినవాళ్ల సొత్తు. మనిషికొక కాపీ కొనాలి, ఒకటి కొని జిరాక్స్ తీయకూడదు. సర్వీసును లైవ్‌స్ట్రీమ్ చేస్తుంటే దానికి వేరే లైసెన్స్ కావాలి. కొనేటప్పుడు మొదటి పేజీలో కావలసిన గంటల పట్టిక ఉంటుంది, కష్టం ఎంతో చెప్పే లెవెల్ అంకె కూడా ఉంటుంది. లెవెల్ 1 దాటి వెళ్లకండి.

మన తెలుగు కీర్తనలు మోగించొచ్చా అని ఇంకొకరు కూడా అడిగారు. నేను ప్రయత్నించాను. గమకం ఉన్నచోట గంట చేతులెత్తేస్తుంది. స్వరం నుంచి స్వరానికి జారడం దానికి రాదు, మెట్లు దిగినట్టు టకటకా దిగుతుంది. ఇక్కడి తెలుగు ఫెలోషిప్‌లో చివరికి చేసింది ఏమిటంటే, కీర్తన మనుషులు పాడారు, నేనూ మా అమ్మాయీ జి, డి గంటలు రెండే పట్టుకుని శ్రుతి వేశాం. తబలా కూడా వద్దన్నారు ఆ రోజు.

ఇక మూడు నెలల లెక్క. వారానికి గంటసేపు రిహార్సల్ చాలు. మొదటి రెండు వారాలు పాట, తర్వాత నాలుగు వారాలు "ఇమ్మానుయేల్" ఒక్కటే, ఆ పైన రెండోది. ఆఖరి రెండు రిహార్సల్స్ మోగించబోయే చోటే పెట్టుకోండి. కార్పెట్ ఉన్న హాలు శబ్దాన్ని పీల్చేస్తుంది, అక్కడ కాస్త కదలాలి. రాతి గోడలున్న ఎత్తైన చర్చి అయితే గోడలే మోతను పట్టుకుని ఉంటాయి, ఇంకా నెమ్మదించాలి, ఇంకా త్వరగా ఆపాలి.

గ్లౌజులు లేకుండా కంచు ముట్టుకోకండి, చేతి చెమటకు మచ్చలు పడతాయి. మందపాటి ఫోమ్ పరచని బల్ల మీద గంట పెట్టకండి. పూనుకునే ముందు, ఏళ్లుగా మూలపడిన సెట్ అంటున్నారు కాబట్టి, ప్రతి గంట నాలుకనూ వేలితో కదిపి చూడండి. బిగుసుకుపోయి ఉన్నా, వదులై లొడలొడలాడుతున్నా నూనె పోసి మీరే బాగుచేయబోకండి, తయారుచేసిన కంపెనీకి పంపండి. మాల్మార్క్, షుల్మెరిక్ రెండూ మా పెన్సిల్వేనియాలోవే. పిడి దగ్గర ఏ పేరుందో చూసుకుని రాయండి. అలాగే ఆ పదహారు గంటలు, ముఖ్యంగా ఎఫ్ షార్ప్‌లు రెండూ, పెట్టెలో ఉన్నాయో లేదో ఈ వారమే లెక్కపెట్టుకోండి. ఏదైనా లేకపోతే ఏది లేదో ఇక్కడే రాయండి, దాన్ని బట్టి పంపకం మార్చి చెబుతాను.